ఓర్పును బలమని అమ్మిన నూరేళ్లు

పెట్రోల్ బంకులో బండి ఆపగానే "సాదానా, పవరా?" అని అడుగుతారు. ఆ రెండో మాట వెనక నూరేళ్ల చరిత్ర ఉంది, నూరేళ్ల అపార్థం కూడా ఉంది. ఖరీదైన పెట్రోల్లో బలం ఎక్కువని, అది పోయిస్తే బండి పరుగు పెరుగుతుందని చాలామంది నమ్ముతారు. స్పోర్ట్స్ కారు కొన్నవాళ్లలో ఈ నమ్మకం మరీ గట్టిది. కానీ ఆక్టేన్ అంకె కొలిచేది పెట్రోల్ బలాన్ని కాదు, ఓర్పును. వేడి, ఒత్తిడి ఎంత పెరిగినా తనంతట తాను అంటుకోకుండా ఎంతవరకు తట్టుకోగలదో ఆ అంకె చెబుతుంది, అంతే. ఓర్పును బలమని చెప్పి అమ్మడం ఎలా మొదలైందో తెలిస్తే, ఏ కారుకు ఏ పెట్రోల్ అన్న ప్రశ్నకు జవాబు కూడా అక్కడే దొరుకుతుంది.

ముందు సిలిండర్ లోపలికి తొంగిచూడాలి. పిస్టన్ పైకి వస్తూ గాలినీ పెట్రోల్ ఆవిరినీ కలిపి నొక్కుతుంది. అది పైకి చేరేలోపే ప్లగ్గు దగ్గర రవ్వ పుడుతుంది, మంట అక్కడి నుంచి గోడల వైపు పాకుతుంది. మంట ఇంకా చేరని మూలల్లో మిగిలిన మిశ్రమం అటు వేడికి, ఇటు ఒత్తిడికి నలిగిపోతూ ఉంటుంది. ఓర్పు తక్కువైన పెట్రోల్ మంట వచ్చేదాకా ఆగదు, ఉన్నచోటే భగ్గుమంటుంది. ఆ దెబ్బకు ఇనుప డబ్బాలో గోళీలు ఆడించినట్టు టకటకమని చప్పుడు వస్తుంది. మెకానిక్కులు నాకింగ్ అనేది దీన్నే. ఎత్తు ఎక్కుతూ పై గేరులో యాక్సిలరేటర్ తొక్కినప్పుడు బాగా వినిపిస్తుంది. గట్టిగా, ఎక్కువసేపు సాగితే పిస్టన్‌కే చిల్లు పడుతుంది. కంప్రెషన్ రేషియో పెంచితే, అంటే మిశ్రమాన్ని మరింత నొక్కితే, అదే పెట్రోల్ నుంచి ఎక్కువ శక్తి రాబట్టవచ్చని ఇంజనీర్లకు మొదటినుంచీ తెలుసు. అయినా ఫోర్డ్ మోడల్ టీలో అది సుమారు 4 మాత్రమే. అంతకు బాగా పైకి పోతే ఆనాటి పెట్రోల్ తట్టుకోలేదు.

ఇంగ్లాండులో హ్యారీ రికార్డో, అమెరికాలోని డేటన్‌లో చార్లెస్ కెటరింగ్ ఈ చిక్కు మీద పడ్డారు. కెటరింగ్ దగ్గర పనిచేసే థామస్ మిడ్జ్‌లీ అయోడిన్, అనిలిన్, సెలీనియం ఇలా ఒక్కొక్కటే వేసి చూస్తూ, 1921 డిసెంబర్ 9న టెట్రాఇథైల్ లెడ్ అనే సీసం సమ్మేళనం దగ్గర ఆగాడు. పెట్రోల్ 1,300 పాళ్లు ఉంటే ఇది ఒక పాలు చాలు, నాకింగ్ మాయం. ఆల్కహాల్ కలిపినా నాకింగ్ ఆగుతుందని ఆ ప్రయోగశాలకు తెలుసు. కానీ ఆల్కహాల్ పదో వంతో అంతకంటే ఎక్కువో కలపాలి, పైగా దానిమీద ఎవరికీ పేటెంటు గుత్తాధికారం దక్కదు. 1923 ఫిబ్రవరి 2న డేటన్‌లోని ఒక బంకులో కొత్త పెట్రోల్ మొదటిసారి అమ్మకానికి వచ్చింది. పేరు 'ఇథైల్'. ఆ పేరులో సీసం అన్న మాట ఎక్కడా లేదు. మామూలు పెట్రోల్ నుంచి వేరుగా కనిపించేందుకు ఎర్రరంగు కలిపారు, ధర కొన్ని సెంట్లు ఎక్కువ పెట్టారు. అదే ఏడాది ఇండియానాపొలిస్ 500 పందెంలో మొదటి మూడు స్థానాల్లో వచ్చిన కార్లు దీన్నే వాడాయి. ప్రీమియం పెట్రోల్ అన్న సరుకు అలా పుట్టింది: రంగు, పేరు, పందెంలో గెలుపు. గెలిపించింది ఇంజనా, పెట్రోలా అని బంకు దగ్గర ఎవరూ విడదీసి చెప్పలేదు.

1924 అక్టోబర్లో న్యూజెర్సీలోని బేవే రిఫైనరీలో టెట్రాఇథైల్ లెడ్ తయారుచేసే కార్మికులకు మతి చలించింది. ఐదుగురు చనిపోయారు, ముప్పైమందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. డేటన్‌లోనూ, డూపాంట్ వారి డీప్‌వాటర్ ప్లాంట్‌లోనూ చావులు జరిగాయి. మిడ్జ్‌లీయే అంతకుముందు సీసం విషం ఎక్కి కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోవాల్సి వచ్చింది. హార్వర్డ్ వైద్యురాలు అలిస్ హామిల్టన్ గట్టిగా వ్యతిరేకించారు. 1925లో అమ్మకాలు ఆగాయి, 1926లో మళ్లీ మొదలయ్యాయి. అమెరికా రోడ్ల మీద సీసం పెట్రోల్ పూర్తిగా నిషేధమయ్యేసరికి 1996 వచ్చింది. మన దేశంలో 2000 ఫిబ్రవరితో దాని కథ ముగిసింది. ప్రీమియం అన్న మాట ఎంత నష్టాన్ని కప్పిపుచ్చగలదో చెప్పడానికి ఇంతకన్నా బరువైన సాక్ష్యం నాకు కనిపించదు. కొన్నవాడు నాలుగు సెంట్లు ఎక్కువ కట్టాడు, అసలు ధర కట్టింది సీసం పొగ పీల్చిన పిల్లలు.

ఓర్పుకు కొలత మాత్రం ఆ ఇథైల్ అమ్మిన కంపెనీలోనే పుట్టింది. 1926లో గ్రాహమ్ ఎడ్గర్ అనే రసాయన శాస్త్రవేత్త ఐసో-ఆక్టేన్‌కు 100, సుళువుగా నాకింగ్ చేసే హెప్టేన్‌కు 0 పెట్టి కొలబద్ద తయారుచేశాడు. ఆ అంకె బలాన్ని కొలవదని దాన్ని తయారుచేసినవాళ్లకు స్పష్టంగా తెలుసు. ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది: 1940లో బ్రిటిష్ యుద్ధవిమానాలకు 100 ఆక్టేన్ పెట్రోల్ పోయగానే అవే మెర్లిన్ ఇంజన్లు చాలా ఎక్కువ శక్తి ఇచ్చాయి కదా, అది బలం కాక మరేమిటి? ఆ శక్తి పెట్రోల్ మార్చినందువల్ల ఊరికే రాలేదు. సూపర్‌చార్జర్ ఒత్తిడిని ఆరు పౌండ్ల పైచిలుకు నుంచి పన్నెండుకు పెంచి, సిలిండర్లలోకి మరింత గాలిని తోశారు. అంత ఒత్తిడినీ నాకింగ్ లేకుండా ఓర్చుకోవడమే పెట్రోల్ చేసిన పని. పాత ఒత్తిడితోనే నడిపి ఉంటే ఆ ఖరీదైన పెట్రోల్‌తో అంత లాభం దక్కేది కాదు.

యుద్ధం తర్వాత డెట్రాయిట్ కార్ల కంపెనీలు ఇదే సూత్రాన్ని రోడ్డుమీదికి తెచ్చాయి. 1964 పోంటియాక్ జీటీఓ కంప్రెషన్ 10.75. దానికి మంచి ఆక్టేన్ అవసరం, విలాసం కాదు. సునోకో బంకుల్లో ఒకే పంపు మీద డయల్ తిప్పి 190 నుంచి 260 దాకా రకం ఎంచుకునే ఏర్పాటు వచ్చింది. ఆ 260 ఆక్టేన్ అంకె కాదు, కంపెనీ పెట్టుకున్న పేరు. అయినా ఆ అంకెకు మోజు పుట్టింది, పక్కింటి మామూలు సెడాన్‌లోనూ 260 పోశారు. 1971లో జనరల్ మోటార్స్ కంప్రెషన్ తగ్గించి, కార్లన్నీ 91 ఆక్టేన్‌తో నడిచేలా మార్చింది. దానితో ఆ సెడాన్ యజమానికి ఒక్క సెంటు నష్టం లేదు. జీటీఓ వాడికే దెబ్బ తగిలింది.

ఈనాటి పెర్ఫార్మెన్స్ కార్లు టర్బోలతో వస్తున్నాయి, వాటికైనా ప్రీమియమే పోయాలి కదా అంటారు. కొంత నిజమే. 1982లో సాబ్ తన టర్బో కార్లలో నాక్ సెన్సర్ పెట్టింది. చప్పుడు మొదలవుతుండగానే అది పసిగడుతుంది, వెంటనే టర్బో ఒత్తిడి తగ్గుతుంది. ఇప్పుడు ఆ సెన్సర్ దాదాపు ప్రతి కారులో ఉంది, రవ్వ వేళను కూడా వెనక్కి జరుపుతుంది. అందుకే మాన్యువల్‌లో ప్రీమియం 'తప్పనిసరి' అని ఉందా, 'మంచిది' అని ఉందా అన్న తేడా కీలకం. తప్పనిసరి అంటే వాదన లేదు, అదే పోయాలి. 'మంచిది' అన్న కార్ల మీద 2017లో అమెరికా మోటారిస్టుల సంఘం ట్రిపుల్ ఏ పరీక్షలు చేస్తే, సగటున మైలేజీ 2.7 శాతం, హార్స్‌పవర్ 1.4 శాతం పెరిగాయి. అక్కడ ధర తేడా 20 శాతం పైనే. ఏమీ రాయని కారుకైతే దమ్మిడీ లాభం లేదు.

ఇంజన్ శుభ్రంగా ఉంటుందన్న మాట ఇంకొకటి. శుభ్రం చేసేది డిటర్జెంటు, ఆక్టేన్ కాదు. అమెరికాలో 1995 నుంచి అన్ని రకాల పెట్రోల్లోనూ అది కలపాల్సిందే. ప్రీమియం పోస్తే మరమ్మతు ఖర్చులు తగ్గుతాయని ప్రకటనలిచ్చిన ఎక్సాన్‌పై 1996లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఫిర్యాదు వేసింది. మన దేశంలో 2002 ప్రాంతంలో వచ్చిన స్పీడ్, పవర్ లాంటి పేర్ల పెట్రోళ్లు ప్రధానంగా యాడిటివ్‌ల పేరుతోనే అమ్ముడయ్యాయి. శుభ్రం, ఓర్పు, బలం అన్న మూడు వేర్వేరు సంగతులు ఒకే బోర్డు కింద కలిసిపోయాయి.

అమెరికా వెళ్లిన మనవాళ్లు పంపు మీద 87 చూసి ఇక్కడ ఇంతకుముందు అమ్మిన సాదా 91 కంటే తక్కువరకమని అనుకుంటారు. రెండింటి ఓర్పూ దాదాపు ఒకటే. కొలిచే పద్ధతే వేరు: వాళ్లది రెండు పరీక్షల సగటు, మనది ఒక్క పరీక్ష. ఇక ఇప్పుడు మన బంకుల్లోని 20 శాతం ఇథనాల్ పెట్రోల్. ఇథనాల్ ఆక్టేన్ 108 దాకా ఉంటుంది, సాదా పెట్రోల్ కన్నా చాలా పైన. అయినా లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోల్‌లో మూడింట రెండు వంతులే. మిడ్జ్‌లీ పక్కన పెట్టిన ఆ ఆల్కహాల్ మన ట్యాంకుల్లోకి చేరి, ఆక్టేన్‌ను పెంచుతూనే మైలేజీని కొంత తగ్గిస్తోంది.