ఆంగ్లంలో ఆభిజాత్య పదజాలం: వంశం నుంచి గుణానికి

ఆంగ్లంలో ఉన్నత వంశాన్ని సూచించిన పదాలు అనేకం కాలక్రమంలో సద్గుణాలకు పేర్లయ్యాయి. శ్రామికులను సూచించిన పదాలు కొన్ని తిట్లుగా మారాయి. ఈ అర్థపరిణామం చరిత్ర అధ్యయనానికి ఎందుకు ముఖ్యమో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ప్రాచీనాంగ్లంలో ‘లార్డ్’ మూలార్థం రొట్టెను కాపాడేవాడు. ‘లేడీ’ మూలార్థం రొట్టెపిండి పిసికే స్త్రీ. ఆశ్రితులకు తిండి పెట్టే బాధ్యతే ఇక్కడ అధికారానికి గుర్తు. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించాక పాలకవర్గపు భాష ఫ్రెంచి అయింది. ‘నోబుల్’, ‘జెంటిల్’ ఆ మార్గంలో వచ్చినవే. మొదటిదానికి లాటిన్‌లో ‘ప్రసిద్ధుడు’ అని అర్థం. రెండవదానికి వంశవాచకమైన ‘జెన్స్’ మూలం. జెంటిల్ అంటే తొలుత సద్వంశజుడు; మృదుస్వభావి అనే అర్థం తరువాతిది.

‘విలన్’ కథ దీనికి విపర్యయం. లాటిన్ ‘విల్లా’ అంటే పల్లెలోని వ్యవసాయ క్షేత్రం. మధ్యయుగంలో భూస్వామి క్షేత్రానికి కట్టుబడిన రైతును సూచించిన పదమే క్రమంగా దుర్మార్గుణ్ణి సూచించింది. స్వతంత్ర సామాన్యుణ్ణి తెలిపిన ‘చర్ల్’ మోటుమనిషి అయింది. సి. ఎస్. లూయిస్ 1960 నాటి ‘స్టడీస్ ఇన్ వర్డ్స్’లో ఈ ప్రక్రియను హోదావాచకాల నైతికీకరణగా వివరించాడు.

అయితే పరిణామం ఎప్పుడూ ఒకే దిశలో సాగలేదు. గ్రీకులో ‘ఉత్తముల పాలన’ అనే భావం నుంచి పుట్టిన ‘అరిస్టోక్రాట్’ ఫ్రెంచి విప్లవకాలంలో నిందావాచకమైంది. పదానికి విలువ కట్టే అధికారం చేతులు మారితే అర్థమూ మారుతుందనడానికి ఇది నిదర్శనం.

తెలుగులోనూ ఇటువంటి జాడ ఉంది. పల్లెకు చెందినదని అర్థమిచ్చే ‘గ్రామ్యం’ అసభ్యమైంది. నగరానికి చెందిన ‘నాగరికం’ సంస్కారమైంది. గ్రాంథికవాదులు వాడుకభాషను గ్రామ్యమని తోసిపుచ్చినప్పుడు ఆ మాటలో భాషానిర్ణయంతోపాటు సామాజిక నిర్ణయమూ ఉంది.

అందువల్ల పాత ఆంగ్ల రచనలను అనువదించేటప్పుడు నేటి అర్థం చాలదు. 1381 రైతు తిరుగుబాటు నాయకుడు జాన్ బాల్‌కు ఆపాదించిన ప్రసంగంలోని ‘జెంటిల్‌మన్’ను ‘మర్యాదస్థుడు’ అంటే ఆ ప్రసంగపు పదునే పోతుంది. అక్కడ ప్రశ్నకు గురైంది ప్రవర్తన కాదు, పుట్టుకతో వచ్చిన ఆధిక్యం. ‘కులీనుడు’ అన్నప్పుడే ఆ రైతుల ప్రశ్న మనకు వినబడుతుంది.