నవ్వులో ముల్లు

నవ్వడం తేలికే అనుకుంటాం. ఎవర్ని చూసి నవ్వుతున్నామో ఒక్క క్షణం ఆలోచిస్తే మాత్రం అదీ కష్టమే సుమండీ!

1962లో విజయావారి 'గుండమ్మ కథ' వచ్చింది. రామారావు, నాగేశ్వరరావు, సావిత్రి, జమున ఇంతమంది ఉండగా సినిమాకి పేరు మాత్రం సూర్యకాంతంగారు వేసిన పాత్రది. ఆ గౌరవం చిన్నదేం కాదు. కానీ 1994లో ఆవిడ పోయాక కూడా, "ఆ గయ్యాళితనం చూసి తెలుగువాళ్ళు ఆడపిల్లలకి ఆ పేరు పెట్టడమే మానేశారు" అని చెప్పుకుంటూనే ఉన్నాం. అంతగా నవ్వించినందుకు మనమిచ్చిన బహుమతి అదీ!

మరో మహానటి భానుమతిగారు కలం పట్టి 'అత్తగారి కథలు' రాశారు. ఆ అత్తగారిదీ చాదస్తమే, ఆవిడా పట్టుదల మనిషే. అయినా కోడలు ఆవిణ్ణి గెలవాలనుకోదు, మురిపెంగా చెబుతుంది. ఆ నవ్వులో ముల్లుండదు. అందుకే నా ఓటు ఎప్పుడూ పుస్తకానికే.

మొన్నొక ఆదివారం టీవీలో 'గుండమ్మ కథ' వస్తోంది. ఛాయాదేవి వేసిన దుర్గమ్మ ఇంట్లో చేరి గుండమ్మని సాధిస్తుంటే నేను పకపకా నవ్వాను. పక్కనున్న మా అత్తగారు నవ్వలేదు.

"పాపం, తనింట్లో తనమాటే చెల్లకుండా పోయిందే!" అన్నారు.

ముల్లు సినిమాలో లేదు, నా నవ్వులోనే ఉందన్నమాట!

మా ఇంట్లో ఏపూట ఏం కూరో ఆరేళ్ళుగా నేనే నిర్ణయిస్తున్నాను. ఆ సాయంత్రం మాత్రం, "ఏం వండమంటారత్తయ్యా?" అని అడిగాను.

ఆవిడ ఆశ్చర్యంగా చూసి, "వంకాయ" అన్నారు.