గోడల నడుమ అలికిడి

నూజివీడు మామిడితోటలో రాత్రిపూట పాకలో కూర్చున్న కావలివాడు మనిషిని చూడకుండానే, ఎండుటాకుల చప్పుడును బట్టి ఎవరో నడుస్తున్నారని గ్రహిస్తాడు. ఆ మనిషి దగ్గరకు వస్తున్నాడో, దూరమవుతున్నాడో కూడ చెప్పగలడు. అదే ఊళ్ళో, పిల్లలు దూరదేశాలలో స్థిరపడగా ఒంటరిగా ఉన్న ముసలమ్మ స్నానాలగదిలో జారిపడితే వినేవారెవరు? ఒంటికి ఏ పరికరమూ తగిలించకుండా, కెమెరా పెట్టకుండా ఇంటిలో మనిషి కదలికను తెలుసుకొనే ప్రయత్నాల వెనుక ఉన్న ప్రశ్న ఇదే.

దీనికి మూలసూత్రం పాతదే. తరంగాలను పుట్టించే వస్తువు మనవైపు వస్తూ ఉంటే వాటి పౌనఃపున్యం హెచ్చినట్లు, దూరమవుతూ ఉంటే తగ్గినట్లు తోస్తుందని 1842లో ప్రాగ్ నగరంలో డాప్లర్ అనే ఆచార్యుడు ప్రతిపాదించాడు. ఆయన ఆలోచించినది నక్షత్రాల రంగులను గురించి. ఆ విషయంలో మాత్రం పొరబడ్డాడు. 1845లో హాలెండులో బైస్ బలో అనే శాస్త్రజ్ఞుడు బాకాలు ఊదేవారిని రైలు ఎక్కించి, శ్రుతిజ్ఞానం గల సంగీతజ్ఞులను పట్టాల ప్రక్కన నిలబెట్టాడు. రైలు వస్తున్నప్పుడు స్వరం హెచ్చింది, దాటిపోగానే దిగింది.

రైలుకు బదులు మనిషి చేయి, బాకాకు బదులు వై-ఫై తరంగాలు. 2013లో అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో, మద్రాసు ఐ.ఐ.టి.లో చదివిన శ్యాంనాథ్ గొల్లకోట, ఆయన సహచరులు చేసిన ప్రయోగం ఇదే. కాని చిక్కంతా అంకెలలో ఉన్నది. ఆ తరంగం సెకనుకు సుమారు 500 కోట్ల సార్లు కంపిస్తుంది. సెకనుకు అరమీటరు వేగంతో కదిలిన చేయి అందులో తేగల మార్పు ఎక్కువలో ఎక్కువ 17 కంపనాలు! పైగా వై-ఫై సంకేతం ఒకే స్వరం కాదు. 2 కోట్ల కంపనాల వెడల్పున పరచుకొని ఉంటుంది. వారు అందిన సంకేతాన్ని విప్పి, ఒకే మాటను పదేపదే పంపినట్లుగా మళ్ళీ అల్లి, ఆ వెడల్పును సన్నని స్వరంగా కుదించారు. అప్పుడు ఆ స్వల్పమైన మార్పు బయటపడింది. తొమ్మిది రకాల అంగవిన్యాసాలను నూటికి 94 వంతులు సరిగా గుర్తించగలిగారు.

క్షణకాలం వేగమైన కదలిక, తరువాత నిశ్చలత: పడిపోయినవారి గుర్తు ఇది. గబుక్కున మంచంమీద కూర్చున్నా ఇంచుమించు ఇట్లాగే ఉంటుంది కనుక మనిషి నేలకు ఎంత ఎత్తున ఉన్నదీ కూడ కొలవాలి. శ్యాంనాథ్ గురువు డైనా కటాబీ బృందం ఎం.ఐ.టి.లో వేరు రకపు రేడియో సంకేతంతో దానిని సాధించి, 2015 ఆగస్టులో అమెరికా అధ్యక్షభవనంలో ప్రదర్శించింది.

ఆమె బృందమే 2013లో, మూసిన గదిలోని మనుష్యుల కదలికను గోడ ఇవతలినుండి వై-ఫై తరంగాలతో పట్టింది. గోడ ఈ తరంగాలను బలహీనపరుస్తుందే కాని పూర్తిగా ఆపదు. తలుపు వేసుకొని పడుకొన్న ముసలమ్మకు, ప్రక్కయింటి పెట్టె తన కదలికను లెక్కిస్తున్నదో లేదో తెలిసే మార్గం లేదు.