పేరు వ్రాయించుకొన్న పిమ్మట



కోరుట్లనుండి వేములవాడకు పోవు దారిలో రుద్రంగి యున్నది. మునుపు ఇది నిజాము రాజ్యమునకు చేరిన కరీంనగరు సీమ. 2016లో రుద్రంగి మండలమై, రాజన్న సిరిసిల్ల జిల్లాలో చేరినది. 1879లో విలియం బర్జెస్ గారు సికింద్రాబాదునకు వచ్చినది మొదలుకొని వెస్లియన్ మెథడిస్టు మిషనువారి పని మెల్లమెల్లగా మెదకు, కరీంనగరు సీమలకు వ్యాపించెను. 1947 సెప్టెంబరు 27న ఆ సంఘములు ఇతర సంఘములతో ఏకమై దక్షిణ ఇండియా సంఘముగా కూడెను. 1978లో కరీంనగరు అధ్యక్ష మండలము ఏర్పడెను.

తెలుగుదేశమున మన పెద్దలలో ననేకులు ఒంటరిగా ప్రభువునొద్దకు వచ్చినవారు కారు. ఇంటి పెద్ద లేచిన ఇల్లు లేచెను. వాడ పెద్ద లేచిన వాడ లేచెను. అందుచేత రెండు మాటలు నేటికిని మన చెవిని బడుచున్నవి. వెలుపలివారు, "మీ తాతలు గింజలకొరకు కలిసిరి" అందురు. లోపలివారు, "మా తాత బాప్తిస్మము పొందెను గనుక నేనును క్రైస్తవుడనే" అందురు. ఒకటి నింద, ఒకటి గొప్ప. అయినను రెంటి వెనుకను ఉన్న ప్రశ్న యొక్కటే. గుంపుతో వచ్చినవానికి తనదైన విశ్వాసము కలుగునా? కలుగునెడల ఎట్లు కలుగును? మన చరిత్రలో దీనికి జవాబున్నది.

ఒంగోలు సంగతి వినుడి. అమెరికను బాప్తిస్టు మిషనెరీయైన జాన్ క్లౌ దొరగారు 1866లో అక్కడ కాపురముండిరి. 1867 జనవరి 1న ఎనిమిదిమందితో సంఘము ఏర్పడెను. ఆ ప్రాంతమున గొప్ప కదలికకు మూలమైనవాడు దొరగారు కాదు, యెర్రగుంట్ల పేరయ్య. అతడు మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారము చేయువాడు. దేవుని వెదకుచు యోగమార్గమును సహితము అభ్యసించినవాడు. వ్యాపారముమీద పరస్థలములకు పోయినప్పుడు సువార్త విని, 1866లో బాప్తిస్మము పొంది, తన ఊరైన తాళ్లకొండపాడులోను చుట్టుపట్లను తన బంధువులకు దానిని చెప్పసాగెను. కొలది నెలలకు దొరగారు అక్కడికి పోగా, జనులు వంటపాత్రలు పట్టుకొని, దినములకొలది ఉండుటకు సిద్ధపడి వచ్చిరి. చెట్లక్రింద కూర్చుండి విని, ప్రశ్నలడిగి, నేర్చుకొనిరి. పిమ్మట ఇరువది యెనిమిదిమంది బాప్తిస్మము పొందిరి. గమనించుడి: ముందుగా చెప్పినవాడు బంధువు, పిమ్మట దినములు పట్టిన ఉపదేశము, ఆ తరువాతనే నీళ్లు.

1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమున ఘోరమైన కరవు వచ్చెను. కూలి దొరకక జనులు చచ్చుచుండగా, క్లౌ దొరగారు బకింగుహాము కాలువలో సుమారు మూడున్నర మైళ్ల త్రవ్వకము గుత్తకు తీసికొని వేలమందికి పని కల్పించిరి. తెలుగు ప్రసంగికులే మేస్త్రీలై పగలు పని చూచుచు, తీరికవేళల వాక్యము చెప్పుచుండిరి. అనేకులు బాప్తిస్మము కోరిరి. అయితే దొరగారు పదునైదు నెలలు ఎవరికిని బాప్తిస్మమీయలేదు. కూటికొరకు విశ్వసించిరన్న మాట రాకూడదనియు, ఆకలిగొన్నవాని నోట వచ్చిన ఒప్పుకోలు వానికే సందేహముగా మిగులరాదనియు ఆయన ఎంచెను. పిమ్మట జనులు తాము సహాయముకొరకు రాలేదని నొక్కి చెప్పగా, 1878 జూనులో తిరిగి ఆరంభించిరి. జూలై 3వ తేదీన వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మ యేటిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ దినమున నీళ్లలో నిలిచి బాప్తిస్మమిచ్చినవారు తెలుగు ప్రసంగికులే. ప్రతి ప్రసంగికుడును తానెరిగిన జనులతో నుండెను. ఒక్కొక్కరి పేరు విచారించి వ్రాసిరి.

గింజలకొరకు కలిసిరన్న నిందకు ఆ పదునైదు నెలలే జవాబు. అయితే అంతటితో పని ముగియలేదు. ఒక్కదినమున వ్రాసిన పేరు హృదయములో వేరూనుటకు ఏండ్లు పట్టును. ఈ సంగతిని బాగుగా ఎరిగినవాడు దోర్నకల్ అధ్యక్షుడైన వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు. తమిళదేశమున 1874లో పుట్టి, 1909లో తెలుగువారి మధ్యకు వచ్చి, మన భాష నేర్చుకొనెను. 1912 డిసెంబరు 29న అధ్యక్షుడుగా అభిషేకము పొంది, ఆంగ్లికన్ సంఘమున మొదటి భారతీయ అధ్యక్షుడయ్యెను. ఆయన కాలమున అక్కడ వేలకొలది పల్లెజనులు సంఘములో చేరిరి. ఊరూర ఉపదేశకులు కావలెనని ఆయన వారిని తర్ఫీదు చేయించెను. వారి భార్యలకును చదువు చెప్పించెను, ఏలయనగా ఇంటిలోని స్త్రీకి నేర్పువారు లేనిదే ఆ యిల్లు నిలువదు. బాప్తిస్మము పొందువారిచేత తమ చెయ్యి తమ తలపై నుంచుకొని, నేను బాప్తిస్మము పొందినవాడను, సువార్త ప్రకటింపకున్న నాకు శ్రమ అని భావమిచ్చు మాట చెప్పించుచుండెను. అది పౌలు కొరింథీయులకు వ్రాసిన మాటనుండి తీసినది. గుంపులో నిలిచినను చెయ్యి మాత్రము తన తలపైననే గదా! "మేము" అని వచ్చినవాడు అక్కడ "నేను" అని పలికెను.

1933లో పికెట్ గారు, మన తెలుగుజిల్లాలను సహితము పరిశోధించి, ఈ సమూహోద్యమములనుగూర్చి ఒక గ్రంథము ప్రచురించిరి. ఒకడు ఏ తలంపుతో వచ్చెనన్నదానికంటె, వచ్చిన తరువాత వానికి ఎంత శ్రద్ధగా నేర్పిరన్నదే వాని విశ్వాసజీవితమును ఎక్కువగా నిర్ణయించెనని ఆ పరిశోధనలో తేలినది.

సంఘ పెద్దలారా, ఇది మనలను ఓదార్చు మాట, మనలను అడుగు మాటయు. మన తాతలు ఏ తలంపుతో వచ్చిరోయని సిగ్గుపడ నక్కరలేదు. అయితే నిన్న మన గుడికి వచ్చిన సహోదరికి మనమేమి నేర్పితిమి? ఈ ప్రాంతమున అనేకుల భర్తలు, కుమారులు గల్ఫు దేశములలో కష్టపడుచున్నారు. ఇంట స్త్రీలు బీడీలు చుట్టుచు పిల్లలను సాకుచున్నారు. అట్టి ఇంటనుండి ఒకతె ఆరాధనకు వచ్చినప్పుడు, పేరు పుస్తకములో వ్రాసికొని ఊరకుందుమా? సాయంకాలము పని ముగిసిన వేళ ఆమె యింటికి పోయి, మార్కు సువార్తలో కొంచెము చదివి వినిపింపుడి. ఆమెకు తోచిన ప్రశ్న నడుగనీయుడి. ప్రభువు ప్రార్థన నేర్పుడి. పిమ్మట తన మాటలతో తానే ప్రార్థింప ధైర్యము చెప్పుడి. అప్పు తీరునని, వీసా వచ్చునని, రోగము తప్పక పోవునని ఆశ పెట్టకుడి; కొనబడిన విశ్వాసము నిలువదు. బాప్తిస్మమునకు తొందరపెట్టకుడి, బలవంతము అసలే కూడదు. అడుగువరకు కనిపెట్టుడి, అడిగినప్పుడు ఆలస్యము చేయకుడి.

ఫిలిప్పు ఐతియొపీయుని రథమునొద్దకు పరుగెత్తిపోయి, అతని ప్రక్కన కూర్చుండి, అతడు చదువుచున్న భాగమునే విప్పి చెప్పెను. నీళ్లు చూపి బాప్తిస్మము సంగతి ఎత్తినవాడు ఫిలిప్పు కాదు, ఆ మనుష్యుడే.

పేరు వ్రాయుట ఒక నిమిషపు పని. ఆ పేరుగలవారు ప్రభువును తమ నోట తామే పిలుచువరకు ప్రక్కన కూర్చుండుట మన పని. అట్లు కూర్చుండు కృపను ప్రభువు మనకందరికిని దయచేయును గాక. ఆమేన్.