కొలత ఒకటే, బలం వేరు

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో 1873 లో పుట్టిన తూటా ఒకటి నేటికీ తయారవుతున్నది. దాని పేరు .45-70. ఈ పేరులో రెండు కొలతలు దాగి ఉన్నవి. మొదటిది గుండు అడ్డకొలత: ఇంచుమించు అంగుళంలో నూటికి నలభైఅయిదు వంతులు. రెండవది తూటాలో నింపే తుపాకిమందు బరువు: 70 గ్రెయిన్లు. మన కంసాలులు బంగారం తూచడానికి వాడిన గురివింద గింజ ఎత్తులో ఇంచుమించు సగం ఒక గ్రెయిను. కాబట్టి 70 గ్రెయిన్లంటే నాలుగున్నర గ్రాములు. ఆ మందుకు ముందు కూర్చున్న సీసపు గుండు 405 గ్రెయిన్లు, అనగా 26 గ్రాములు.

నూటయాభై ఏండ్లుగా ఈ తూటా కొలతలు మారలేదు. దానిని పేల్చే తుపాకులు మారినవి. అందులో నింపే మందు మారినది. పైకి అదే తూటా. లోపల బలం వేరు. ఇందువల్ల ప్రాణాపాయం ఎట్లా వచ్చినదో, దానిని తప్పించుటకు ఇంజనీర్లు ఏ ఉపాయం పన్నినారో చూతము. పీడనం అనే భావాన్ని విద్యార్థులకు బోధించడానికి ఇది మంచి ఉదాహరణ కూడాను.

తూటాలో ఏమున్నది?

తూటాకు నాలుగు అంగాలు. ఇత్తడి గొట్టం, దాని అడుగున రంజకం, గొట్టంలో మందు, మూతివద్ద గుండు. తుపాకి సూది రంజకాన్ని పొడిచినప్పుడు నిప్పు పుట్టి మందు అంటుకొంటుంది. మందు వాయువుగా మారి గుండును ముందుకు తోస్తుంది. ఆ పీడనానికి ఇత్తడి గొట్టం ఉబ్బి, తుపాకి గోడలకు అతుక్కొని, వాయువు వెనుకకు రాకుండా అడ్డుకొంటుంది. పీడనం తగ్గగానే, ఇత్తడికి సాగి కుదించుకొనే గుణం ఉన్నది గనుక, కొంచెం ముడుచుకొని వెలుపలికి వస్తుంది.

ఈ గుణం వల్లనే తూటా గొట్టాన్ని మళ్ళీ మళ్ళీ వాడవచ్చును. పాత రంజకం తీసివేసి, గొట్టాన్ని అచ్చులో నొక్కి పూర్వపు కొలతకు తెచ్చి, కొత్త రంజకం పెట్టి, మందు తూచి పోసి, గుండు బిగిస్తే తూటా మరల సిద్ధం. 1870 దశకంలో అమెరికా మైదానాలలో అడవిదున్నలను వేటాడినవారు సీసపు దిమ్మెలూ మందు పీపాలూ బండ్లలో వేసుకొని పోయి, రాత్రివేళ మంట దగ్గర కూర్చుని మరునాటి తూటాలు తామే నింపుకొనేవారు. సైన్యపు తొలి రాగి తూటాలలో రంజకం లోపల ఉండేది. వాటిని మళ్ళీ నింపడం కుదరదు. 1880 దశకంలో రంజకాన్ని వెలుపలినుండి అమర్చే పద్ధతి వచ్చిన పిమ్మట సైనికులు కూడా ఈ పని చేయసాగినారు. 1884 లో జాన్ బార్లో స్థాపించిన ఐడియల్ సంస్థ తూటాలు నింపే చేతిపనిముట్లను సామాన్య వేటగాళ్ళకు అమ్మినది.

మీట తుపాకి

ఒక గుండు కాల్చి, ఆగి, మరొక తూటా పెట్టుకొనే తుపాకి వేటగానికి తృప్తినివ్వలేదు. గాయపడిన మృగం ఆగదు. 1860 లో బెంజమిన్ టైలర్ హెన్రీ పేటెంటు పొందిన రైఫిలులో తుపాకి గొట్టం కింద మరొక గొట్టం ఉండి అందులో తూటాలు వరుసగా ఉండేవి. చేతికింది మీటను ముందుకు వంచి వెనుకకు లాగితే పాత గొట్టం ఎగిరిపోయి కొత్త తూటా లోపలికి వచ్చేది. ఇది లివర్ రైఫిలు. వించెస్టర్ సంస్థవారి 1866, 1873 నమూనాలు దీని సంతానమే.

అయితే వీటి మరలో బలహీనత ఒకటి ఉన్నది. తూటా వెనుక నిలిచే ఇనుప దిమ్మెను పట్టుకొన్నవి కీలుతో కూడిన రెండు కడ్డీలు. మోచేయి చాచి తలుపును నెట్టి పట్టుకొన్నట్లు అవి నిలుస్తవి. చిన్న తూటాకు అది చాలును. .45-70 వంటి పెద్ద తూటాకు చాలదు. 1876 నమూనాను పెద్దదిగా చేసినా సైన్యపు ఈ తూటా అందులో ఇమడలేదు. 1881 లో మార్లిన్ సంస్థ దీనికి తగిన లివర్ రైఫిలును వెలువరించినది.

యూటా రాష్ట్రంలోని ఆగ్డెన్ పట్టణంలో తుపాకులు చేసే కుటుంబానికి చెందిన జాన్ మోజెస్ బ్రౌనింగ్ వేరొక మార్గం పట్టినాడు. మన ఇండ్లలో తలుపు గట్టిగా నిలవడానికి చేయి అడ్డుపెట్టము, గడియ వేస్తాము. బ్రౌనింగ్ రెండు నిలువు ఇనుప గడియలను మీటకు జతచేసినాడు. మీట మూసినప్పుడు అవి పైకి లేచి దిమ్మెకు ఇరుప్రక్కలా బిగుసుకొంటవి. ఇదే వించెస్టర్ 1886 నమూనా.

ఇందులో చరిత్ర చూపిన వ్యంగ్యం ఒకటున్నది. ఆ 1886 లోనే విలియం హార్నడే అనే జంతుశాస్త్రజ్ఞుడు వాషింగ్టన్ మ్యూజియం కోసం అడవిదున్నల నమూనాలు తేవడానికి మొంటానా వెళ్ళి, వాటికోసం వెదకులాడవలసి వచ్చినది. 1889 నాటికి ఉత్తర అమెరికా అంతటా మిగిలినవి సుమారు వెయ్యి అని ఆయన లెక్క. దున్నను పడగొట్టగల మీట తుపాకి వచ్చేసరికి పాత ఒంటితూటా తుపాకులే దున్నలను తుడిచిపెట్టినవి.

మరొక్క విషయం. గొట్టంలో తూటాలు ఒకదాని వెనుక ఒకటి ఉంటవి గదా! వెనుక గుండు ముక్కు ముందు తూటా రంజకాన్ని తాకుతూ ఉంటుంది. ముక్కు సూదిగా ఉంటే, తుపాకి వెనుకకు తన్నినప్పుడు అది రంజకాన్ని పొడిచి పేల్చవచ్చును. అందుచేత ఈ గుండ్లకు ముక్కు చదునుగా ఉంచినారు. ఈ శతాబ్దపు తొలి దశకంలో మెత్తని ప్లాస్టిక్కు కొన గల గుండ్లు వచ్చినవి.

పొగ పోయి పీడనం వచ్చినది

పాత తుపాకిమందులో సురేకారం 75 పాళ్ళు, బొగ్గు 15, గంధకం 10. ఆ కాలపు సురేకారంలో పెద్దభాగం మన బీహారునుండే ఓడలెక్కి పోయినది. 1875 లో ఆండ్రూ నోబుల్, ఫ్రెడరిక్ ఏబెల్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞులు ఈ మందును మూసిన ఉక్కుపాత్రలో కాల్చి చూచి, బరువులో సగానికి తక్కువే వాయువవుతుందనీ తక్కినది పొగగా మసిగా మిగులుతుందనీ ప్రకటించినారు.

1884 లో ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు పాల్ వియెయ్ నైట్రోసెల్యులోజుతో పొగలేని మందు చేసినాడు. ఇది దాదాపు అంతా వాయువుగా మారుతుంది. అదే బరువుకు శక్తి ఎక్కువ. అమెరికాలో ఈ మందుకై ఉద్దేశించిన మొదటి వేట తూటా .30-30, అది 1895 లో నికెలు కలిపిన ఉక్కు గొట్టాలతో మార్కెట్టుకు వచ్చినది.

ఈ మందుకొక స్వభావమున్నది. బయట పళ్ళెంలో పోసి అంటిస్తే కాగితంవలె నెమ్మదిగా మండుతుంది. మూసిన చోట పీడనం పెరిగినకొద్దీ మండే వేగం పెరుగుతుంది. వేగం పెరిగితే పీడనం ఇంకా పెరుగుతుంది. మంట తన కొలిమితిత్తిని తానే తొక్కుకొన్నట్లన్నమాట! అందుచేత మందు కొంచెం ఎక్కువైతే పీడనం కొంచెంతో ఆగదు. పాత మందు గొట్టం నిండా పట్టేది గనుక ఎక్కువ పోయడానికి చోటే లేదు. కొత్త మందు గొట్టంలో కొద్దిభాగమే ఆక్రమిస్తుంది. పొరపాటున రెండుసార్లు పోసినా పైకి పొర్లదు. పాత కొలగిన్నెతోనే కొత్త మందు కొలిచినవాడు తన చేతిలో బాంబు పట్టుకొన్నట్లే.

పీడనాన్ని ఎట్లా కొలిచినారు?

క్షణంలో వెయ్యవ వంతు కాలంలో పుట్టి పోయే పీడనాన్ని కొలవడమెట్లా? 1860 ప్రాంతాల అమెరికా సైన్యాధికారి థామస్ రాడ్మన్ తుపాకి గోడకు రంధ్రం చేసి, వాయువు తోసే కత్తి రాగి పలకపై ఎంత గాటు పెట్టినదో చూచినాడు. నోబుల్ దానిని సవరించి చిన్న రాగి స్థూపాన్ని నలగనిచ్చి, ఎంత పొట్టి అయినదో కొలిచినాడు. ఈ రాగి పద్ధతి నూరేండ్లు నిలిచినది. 1880 లో క్యూరీ సోదరులు కనుగొన్న పీడన విద్యుత్తు ఆధారంగా 20వ శతాబ్దంలో స్ఫటిక సాధనాలు వచ్చినవి. రాగి నలగడానికి వ్యవధి కావాలి గనుక అది శిఖర పీడనాన్ని తక్కువ చేసి చూపుతుంది. .30-06 అనే తూటాకు రాగి చూపిన పరిమితి 50,000. స్ఫటికం చూపినది చదరపు అంగుళానికి 60,000 పౌనులు. వస్తువొకటే, సాధనాన్నిబట్టి అంకె మారినది!

1926 లో ఏర్పడిన అమెరికా తుపాకి, తూటా తయారీదారుల సంస్థ ప్రమాణాలను నిర్ణయిస్తున్నది. .45-70 కు అది విధించిన హద్దు చదరపు అంగుళానికి 28,000 పౌనులు. ఇది వాతావరణ పీడనానికి సుమారు 1,900 రెట్లు. గొట్టం లోపలి అడుగు వైశాల్యం ఇంచుమించు ఒక చదరపు సెంటీమీటరు. బలం = పీడనం × వైశాల్యం గనుక, తూటా వెనుక ఇనుప దిమ్మెపై పడే తోపుడు సుమారు రెండు టన్నులు. పీడనం 40,000 అయితే దాదాపు మూడు టన్నులు. ఆ దిమ్మెకు కొద్ది దూరం వెనుకనే కాల్చేవాని కన్ను ఉంటుంది.

ఆశకు మూలం

హద్దు తెలిసికూడా మందు ఎక్కువ పోయడమెందుకు? ఈ గుండు బరువైనది, నిదానమైనది. బయలుదేరేటప్పుడు వేగం సెకండుకు సుమారు 410 మీటర్లు. 100 మీటర్లు చేరేసరికి గురుత్వాకర్షణవల్ల సుమారు మూడోవంతు మీటరు పడిపోతుంది. 200 మీటర్లకు ఒకటిన్నర మీటరు. దూరం రెట్టింపైతే పతనం నాలుగు రెట్లకు మించినది. గాలి గుండు వేగాన్ని తగ్గించడమే కారణం. దూరం అంచనాలో తప్పితే గురి తప్పుతుంది. వేగం పెంచితే పతనం తగ్గును గదా అని వేటగాని ఆశ.

న్యూటను మూడవ సూత్రం మాత్రం ఊరక ఉండదు. 26 గ్రాముల గుండు 410 మీటర్ల వేగంతో పోతే, నాలుగు కిలోల తుపాకి సెకండుకు రెండున్నర మీటర్లకు పైగా వేగంతో వెనుకకు తంతుంది. వాయువుల తోపుడు కలిపితే మూడు దాటుతుంది. అందుకే 1870 దశకంలో సైన్యం గుర్రపురౌతుల పొట్టి తుపాకికి 70 బదులు 55 గ్రెయిన్ల మందే ఇచ్చినది.

ఒక పేరు, మూడు బలాలు

ఇప్పుడు చిక్కు స్పష్టం. 1873 నాటి స్ప్రింగ్‌ఫీల్డు రైఫిలు వెనుకభాగం పెట్టె మూతవలె పైకి లేచేది. అది పాత మందుకే తగినది. మార్లిన్ సంస్థ 1972 లో మళ్ళీ వెలువరించిన లివర్ రైఫిలు అంతకంటె బలమైనది. ఆధునికమైన ఒంటితూటా రైఫిళ్ళు కొన్ని దానికంటె గట్టివి. మూడింటిలోనూ .45-70 తూటా చక్కగా పడుతుంది. అందువల్ల తూటాలు నింపేవారి గ్రంథాలలో ఈ ఒక్క తూటాకు మూడు వేరు వేరు పట్టికలు ముద్రిస్తారు. మూడవ పట్టిక ప్రకారం నింపిన తూటాను మొదటి తుపాకిలో పెడితే తుపాకి పగలవచ్చును. తూటా ముఖం చూచి ఎవరూ చెప్పలేరు.

పేరు కూడా మోసం చేస్తుంది. మార్లిన్ సంస్థ 1895 లోనూ 1895 అనే పేరుతో రైఫిలు చేసినది. 1972 నాటిదానికీ ఆ పేరే పెట్టినది. లోపలి మర వేరు, ఉక్కు వేరు. 2020 లో ఆ పేరు రూగర్ సంస్థ చేతికి వచ్చినది. 2021 డిసెంబరులో ఆ సంస్థ మొట్టమొదట వెలువరించిన మార్లిన్ కూడా ఈ 1895 రైఫిలే.

ఆకారమే కావలి

పుస్తకంలో హెచ్చరిక వ్రాస్తే చాలునా? చదవనివాడు ఉంటాడు, తాత చేసిన తూటాలను పెట్టెలో చూచి వాడే మనుమడు ఉంటాడు. 2000 లో .450 మార్లిన్ అనే తూటా వచ్చినది. దాని బలం .45-70 ను మందు హెచ్చించి నింపినదానితో సమానం. హద్దు 43,500 పౌనులు. కాని దాని అడుగున వెడల్పాటి ఇత్తడి పట్టీ చుట్టి ఉన్నది. ఆ పట్టీవల్ల అది పాత .45-70 తుపాకిలో పూర్తిగా దూరదు. 1935 లో వచ్చిన .357 మాగ్నం అనే పిస్తోలు తూటాకూ ఇదే ఉపాయం: పాత తూటాకంటె అంగుళంలో ఎనిమిదవ వంతు పొడుగు పెంచి, పాత పిస్తోలులో పట్టకుండా చేసినారు.

మన ఇండ్లలోని విద్యుత్తు ప్లగ్గులలోనూ ఈ సూత్రమే ఉన్నది. ఎక్కువ కరెంటు లాగే పరికరం ప్లగ్గు కాళ్ళు లావు. అవి చిన్న సాకెట్టులో దూరవు. తెలియనివానిని కూడా ఆకారమే ఆపుతుంది.

మన దేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం. మందు కలిపే ప్రయోగాలు పాఠశాలలో తగవు. ఈ కథలో మనం గ్రహించవలసినది వేరు. కొలత సరిపోయినంత మాత్రాన వస్తువు సరిపోయినట్లు కాదు. ఎంత బలం పుడుతుంది, దానిని ఏది ఆపుతుంది అనే రెండు ప్రశ్నలకూ సమాధానం దొరికిన తరువాతనే ఒకదానిలో మరొకటి పెట్టాలి.