యాభై దాటాక సొంత ఊరి పేరుతో: చీప్ ట్రిక్ ‘రాక్‌ఫర్డ్’ కథ

ఈ రోజు ముందుగా మీతో ఒక చిన్న పని చేయిస్తా. ఫోన్ ఎలాగూ చేతిలోనే ఉంది కదా! మీరు వాడే మ్యూజిక్ యాప్‌లో చీప్ ట్రిక్ అని వెతకండి. పైన కనిపించేవి దాదాపు అన్నీ 1970ల, 80ల పాటలే. యాప్ లెక్కలో ఈ బ్యాండ్ కథ అక్కడితో అయిపోయింది. ఇప్పుడు కిందికి వెళ్ళి, ఆల్బంల వరసలో 2006 దగ్గర ఆగండి. ‘రాక్‌ఫర్డ్’ అని ఉంటుంది. అది వచ్చేనాటికి బ్యాండ్‌లో నలుగురూ యాభై దాటినవాళ్ళే. ఈ బ్యాండ్ అంటే ఏంటో తెలియాలంటే వాళ్ళ నంబర్ వన్ పాట కంటే ఈ ఆల్బమే ముందు వినాలంటాన్నేను. ఎందుకో చెప్తా, వినండి.

మొదట పవర్ పాప్ అంటే ఏంటో చూద్దాం. ఈ మాటని 1967లో ద హూ బ్యాండ్ గిటారిస్ట్ పీట్ టౌన్‌షెండ్ తమ సంగీతం గురించి చెబుతూ వాడాడు. పాట ఒక్కసారి వినగానే నోటికి పట్టెయ్యాలి, బీటిల్స్ పాటల్లాగా. కానీ దాని వెనక గిటార్, డ్రమ్స్ మాత్రం గట్టిగా, దూకుడుగా ఉండాలి. తీపీ కారం ఒకే ముద్దలో కలిపినట్టు అనుకోండి. చిక్కు ఎక్కడొచ్చిందంటే, రాక్ అభిమానులకి ఇది మరీ తియ్యగా అనిపించేది, పాప్ వినేవాళ్ళకి మరీ గోలగా అనిపించేది. 1972లో బిగ్ స్టార్ అనే బ్యాండ్ అద్భుతమైన మొదటి ఆల్బం తెస్తే, అది దుకాణాలకి సరిగ్గా చేరనే లేదు. ఈ రకం సంగీతం చరిత్రంతా ఇలాంటి కథలే. అందులో నిలబడ్డవాళ్ళు తక్కువ.

ఆ నిలబడ్డవాళ్ళలో చీప్ ట్రిక్ ఒకటి. వీళ్ళది అమెరికాలో ఇల్లినాయి రాష్ట్రంలోని రాక్‌ఫర్డ్, షికాగోకి వాయవ్యంగా ఉండే ఫ్యాక్టరీల ఊరు. బోల్టులు, స్క్రూలు ఎక్కువగా తయారవడం వల్ల దానికి స్క్రూ సిటీ అని ముద్దుపేరు కూడా ఉంది. 1973 ప్రాంతంలో బ్యాండ్ మొదలైంది. పాటలు ఎక్కువగా రాసేది గిటారిస్ట్ రిక్ నీల్సన్. ఐదు మెడల గిటార్ వేసుకుని స్టేజీ ఎక్కేది కూడా ఆయనే. పాడేది రాబిన్ జాండర్. బాస్ టామ్ పీటర్సన్, ఆయన పన్నెండు తీగల బాస్‌కి పేరు. డ్రమ్స్ బన్ ఇ. కార్లోస్.

వీళ్ళ రెండో ఆల్బం ‘ఇన్ కలర్’ అట్ట చూస్తే నవ్వొస్తుంది. ముందువైపు జాండర్, పీటర్సన్ హీరోల్లా మోటార్‌సైకిళ్ళ మీద, రంగుల్లో ఉంటారు. వెనకవైపు నీల్సన్, కార్లోస్ సైకిళ్ళ మీద, నలుపు తెలుపులో ఉంటారు. తమని తామే ఆటపట్టించుకునే బ్యాండ్ అన్నమాట.

1977లో రెండు ఆల్బంలు, 1978లో ఇంకొకటి తెచ్చారు. అమెరికాలో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ‘ఐ వాంట్ యూ టు వాంట్ మీ’ పాట 1977లో సింగిల్‌గా వచ్చి అక్కడ ఆడలేదు. కానీ జపాన్‌లో కుర్రకారు వీళ్ళంటే పడి చచ్చేవాళ్ళు. 1978 ఏప్రిల్‌లో టోక్యోలోని నిప్పన్ బుడోకాన్ హాల్లో కచేరీలు చేస్తే, అభిమానుల కేకలతో సహా రికార్డు చేసి ఆ ఏడాదే జపాన్‌లో విడుదల చేశారు. ఆ కాపీలు అమెరికా దుకాణాల్లోకి దిగుమతై అమ్ముడవుతుంటే, కంపెనీ 1979లో అక్కడ కూడా తెచ్చింది. ఆల్బం బిల్‌బోర్డ్‌లో 4వ స్థానానికి వెళ్ళింది. ఆడని ఆ పాటే, కొంచెం వేగంగా, జనం హోరుతో కలిసి 7వ స్థానానికి చేరింది.

మన పెద్దవాళ్ళు ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. వీళ్ళ విషయంలో అది తిరగబడింది. ముందు రచ్చ గెలిచారు, ఆ తర్వాతే ఇంట్లోవాళ్ళు తలుపు తీశారు.

సరే, తర్వాతేమైంది? 1980లో బీటిల్స్ నిర్మాత జార్జ్ మార్టినే వీళ్ళ ఆల్బం చేశాడు. అదే ఏడాది పీటర్సన్ బ్యాండ్ వదిలేశాడు. అమ్మకాలు మెల్లగా తగ్గిపోయాయి. 1987లో పీటర్సన్ తిరిగొచ్చాడు. అప్పటికి కంపెనీకి కావాల్సింది ఒక్కటే, హిట్టు. బయటి రచయితల పాటలు తీసుకోమని ఒత్తిడి పెట్టింది. అలా వచ్చిందే ‘ద ఫ్లేమ్’, మెల్లగా సాగే ప్రేమపాట. 1988లో బిల్‌బోర్డ్‌లో నంబర్ వన్ అయింది. చీప్ ట్రిక్‌కి ఇప్పటిదాకా ఉన్న ఒకే ఒక్క నంబర్ వన్ అది. దాన్ని రాసింది బాబ్ మిచెల్, నిక్ గ్రాహం. బ్యాండ్‌లో ఒక్కరి పేరు కూడా రచయితగా లేదు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. పదిహేనేళ్ళు కష్టపడ్డాక శిఖరం ఎక్కారు, కానీ ఎక్కించిన పాట తమది కాదు. ఆ పాట బాగాలేదని నేననట్లేదు, జాండర్ దాన్ని ప్రాణం పెట్టి పాడాడు. కాకపోతే, గెలవాలంటే మీరు మీలా ఉండకూడదని ఒకసారి రుజువయ్యాక, మళ్ళీ మనలాగే ఉండటానికి చాలా ధైర్యం కావాలి. వీళ్ళ ముందున్న అసలు సమస్య అదే.

1990లలో గాలి మారింది. నిర్వానా కర్ట్ కొబేన్ లాంటి కొత్త తరం హీరోలు చీప్ ట్రిక్ మా గురువులంటూ చెప్పుకోవడం మొదలైంది. ఆ ఊపులో 1997లో రెడ్ యాంట్ అనే చిన్న కంపెనీ ద్వారా, బ్యాండ్ పేరునే టైటిల్‌గా పెట్టి, మంచి ఆల్బం తెచ్చారు. కొద్ది నెలల్లోపే ఆ కంపెనీ వ్యవహారం దివాలా దాకా వెళ్ళింది. ఆల్బం అనాథ అయిపోయింది. ఇంకొకరైతే అక్కడ ఆపేసి, పాత హిట్లు వాయించుకుంటూ ఊళ్ళు తిరిగేవాళ్ళు. అందులో డబ్బు కూడా ఉంది. తప్పని కూడా అనలేం.

వీళ్ళు మాత్రం చీప్ ట్రిక్ అన్‌లిమిటెడ్ అని సొంత లేబుల్ పెట్టుకున్నారు. 2003లో ‘స్పెషల్ వన్’ వచ్చింది. 2006 జూన్‌లో ‘రాక్‌ఫర్డ్’ వచ్చింది.

ఆ పేరు చూడండి. ఆ ఊరు అప్పటికి పాత ఊరు కాదు. 1980ల మొదట్లో ఫ్యాక్టరీలు దెబ్బతిని, దేశంలోకెల్లా నిరుద్యోగం ఎక్కువగా ఉన్న పట్టణాల్లో ఒకటైంది. గొప్ప చెప్పుకునే అడ్రస్ ఏం కాదు. కానీ లండన్, టోక్యో, న్యూయార్క్ అన్నీ చూసొచ్చిన నలుగురు యాభై దాటాక తమ ఆల్బం మీద ఆ ఊరి పేరే రాసుకున్నారు.

ఇక పాటలు. మొత్తం పన్నెండు. ‘వెల్కమ్ టు ద వరల్డ్’తో మొదలవుతుంది. తలుపు తన్నుకుని లోపలికొచ్చినట్టుంటుంది. 1977లో ‘హలో దేర్’ అనే చిన్న పాటతో కచేరీలు మొదలుపెట్టే అలవాటుకి ఇది చుట్టం లాంటిది. ‘ఇఫ్ ఇట్ టేక్స్ ఎ లైఫ్‌టైమ్’, ‘కమాన్ కమాన్ కమాన్’ వింటే పల్లవి రెండోసారి వచ్చేసరికే మీరు కూడా అందుకుంటారు. ‘ఓ క్లెయిర్’ నెమ్మదైన పాట, అందులో బీటిల్స్ నీడ బాగా తెలుస్తుంది. ముఖ్యంగా జాండర్ గొంతు వినండి. 53 ఏళ్ళ మనిషి పాడుతున్నట్టే ఉండదు.

బయటివాళ్ళ సాయం ఇందులోనూ ఉంది. వాళ్ళ మొదటి ఆల్బం చేసిన జాక్ డగ్లస్, నిర్వానా ‘ఇన్ యుటెరో’ రికార్డు చేసిన స్టీవ్ అల్బినీ పనిచేశారు. క్రిస్టినా అగిలెరాకి ‘బ్యూటిఫుల్’ రాసిచ్చిన లిండా పెర్రీ ‘పర్ఫెక్ట్ స్ట్రేంజర్’లో చెయ్యి కలిపింది. కానీ 1988కీ దీనికీ తేడా గమనించండి. అప్పుడు బయటి పాట తెచ్చి వీళ్ళ చేతిలో పెట్టారు. ఇప్పుడు బయటివాళ్ళు వచ్చి వీళ్ళ పాటకి సాయం పట్టారు.

మరి జనం ఎగబడి కొన్నారా? లేదు. బిల్‌బోర్డ్ టాప్ 100లోకి కూడా రాలేదు. విమర్శకులు మెచ్చుకున్నారు, పాత అభిమానులు పండగ చేసుకున్నారు, అంతే. ఇది విని చాలామంది ఫ్లాప్ అంటారు. నేను ఒప్పుకోను. ఎందుకంటే ఈ ఆల్బం వాళ్ళకి పాటలు రాసే అలవాటు పోకుండా కాపాడింది. 2009లో ‘ద లేటెస్ట్’ వచ్చింది. 2016లో ‘బ్యాంగ్, జూమ్, క్రేజీ... హలో’, 2017లో ‘వియ్ ఆర్ ఆల్ ఆల్‌రైట్!’, 2021లో ‘ఇన్ అనదర్ వరల్డ్’ వచ్చాయి. అరవైలూ డెబ్భైలూ మీద పడుతున్నా కొత్త పాటలు వస్తూనే ఉన్నాయి.

ఇందులో ఒక బాధ కూడా ఉంది. 2010లో కార్లోస్ బ్యాండ్‌తో తిరగడం ఆగిపోయింది. గొడవ కోర్టు దాకా వెళ్ళి 2015లో సర్దుబాటైంది. డ్రమ్స్ మీద ఇప్పుడు నీల్సన్ కొడుకు డాక్స్ ఉన్నాడు. అంటే ‘రాక్‌ఫర్డ్’ ఆ అసలు నలుగురూ కలిసి చేసిన చివరి ఆల్బంలలో ఒకటి. 2016 ఏప్రిల్‌లో బ్రూక్లిన్‌లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్నప్పుడు నలుగురూ మళ్ళీ ఒకే స్టేజీ మీద వాయించారు. అదే నెల మొదటి తేదీన వాళ్ళ కొత్త ఆల్బం కూడా వచ్చింది. సన్మానం చేయించుకోవడానికి వెళ్తూ కూడా చేతిలో కొత్త పని పట్టుకెళ్ళారు!

మీలో పాటలు రాసేవాళ్ళు, రీల్స్ చేసేవాళ్ళు, ఏదో ఒకటి తయారు చేసేవాళ్ళు ఉంటారు కదా. వ్యూస్ వచ్చిన వీడియో ఒకటి, మీకు నచ్చి చేసిన వీడియో ఇంకొకటి అయినప్పుడు ఏం చెయ్యాలో మీకూ అర్థం కాదు. చీప్ ట్రిక్ చేసింది ఏంటంటే, ‘ద ఫ్లేమ్’ని వదిలేయలేదు, కచేరీల్లో ఇప్పటికీ పాడతారు. దాంతో పాటు తమ పాటలు తాము రాసుకుంటూ పోయారు. రెండూ ఒకే స్టేజీ మీద ఉంటాయి.

ఈ వారం ఒక పని చెయ్యండి. ‘ఐ వాంట్ యూ టు వాంట్ మీ’ని ముందు ‘ఇన్ కలర్’లో వినండి, తర్వాత బుడోకాన్‌లో వినండి. ఆ వెంటనే ‘రాక్‌ఫర్డ్’ మొదటి పాట పెట్టండి. మధ్యలో దాదాపు ముప్పై ఏళ్ళు గడిచాయని మీకు అనిపిస్తుందో లేదో కామెంట్లలో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో బిగ్ స్టార్ కథ చెప్పుకుందాం. అందాకా సెలవు, ఉంటాను.