ఊరపంది

తెలుగులో పెంపుడు పందికి ఊరపంది అని పేరు. అడవిలో తిరిగేదానినుంచి దీన్ని వేరు చేయటానికి మనవాళ్లు ఆ మాట పుట్టించారు. పేరులోనే ఊరున్నది. కాని దాన్ని పెంచే కుటుంబానికి మాత్రం ఊళ్లో చోటు లేదు. ఏ పల్లెకు వెళ్లి చూసినా వారి గుడిసెలు చెరువుగట్టు కిందనో, శ్మశానం దారిలోనో, రైలుకట్ట పక్కనో ఉంటాయి. జంతువు ఊరిది, మనిషి ఊరివెలుపలివాడు. ఈ వైపరీత్యం ఎట్లా ఏర్పడిందో తెలుసుకోవాలన్న కోరిక నాకు కలగటానికి కారణం నా పాండిత్యం కాదు, తరగతిలో నేను చేసిన ఒక తప్పు.

డిగ్రీ విద్యార్థులకు ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యం నుంచి తిన్నని కథ చెబుతున్నాను. బోయవాడైన తిన్నడు పందిని వేటాడి, మాంసం కాల్చి, పుక్కిట నీళ్లు తెచ్చి శివలింగానికి సమర్పిస్తాడు. నేను ఉత్సాహంలో, “అంత హేయమైన పదార్థాన్ని కూడా భక్తివల్ల భగవంతుడు స్వీకరించాడు” అన్నాను. పాఠం అయిన తరువాత ఒక విద్యార్థి వరండాలో నన్ను ఆపి, “మాస్టారూ, హేయమని ధూర్జటి అన్నాడా, మీరన్నారా?” అని అడిగాడు. అతనిది ఎరుకల కుటుంబం. తల్లి పందిపిల్లలను అమ్మి అతని హాస్టలు ఖర్చు పంపుతున్నది. నాకది అప్పటిదాకా తెలియదు.

ఇంటికి వెళ్లి పుస్తకం మళ్లీ తీశాను. కథలో ఆ ఏవగింపు అర్చకుడిది. తిన్నడిది కాదు, శివుడిది అంతకన్నా కాదు. అర్చకుడి ఏవగింపును తెచ్చి లోకమర్యాదగా మార్చి విద్యార్థులకు అందించినవాణ్ణి నేను.

మాంసం కోసం జంతువులను పెంచటమే మన సమాజంలో నీచంగా చూడబడిందని కొందరు అంటారు. ఈ వాదం నిలవదు. కోడి లేని కాపు ఇల్లు లేదు. పల్నాటి కథలో నాగమ్మకూ బ్రహ్మనాయుడికీ మధ్య రాజ్యాలు తారుమారైంది కోడిపందెం మీదనే. పండుగకో జాతరకో ఇంటి వెనక కట్టేసి మేపిన మేకపోతును చూసి ఎవరూ ముక్కు మూసుకోలేదు. గొర్రెలమందల మీద బతికిన గొల్ల కురుమలకు గౌరవమూ ఉంది, గాథలూ ఉన్నాయి. నెల్లూరు ప్రభువు మనుమసిద్ధికీ కాటమరాజుకూ మధ్య 13వ శతాబ్దంలో జరిగిన యుద్ధానికి మూలం పుల్లరి, అంటే పచ్చికకు చెల్లించవలసిన పన్ను. అందులోనే ఖడ్గతిక్కన మరణించాడు. అక్కడ మంద ఆవులదే అనుకోండి. కాని పశువులకాపరి ప్రభువుతో మేతహక్కు గురించి ఒప్పందం చేసుకోగలిగాడు, అది చెడితే కత్తి దూయగలిగాడు అన్నదే నాకు ముఖ్యం. గొర్రెలవాడికీ రైతుకూ మధ్య కూడా ఇటువంటి లావాదేవీ ఒకటున్నది. కోత అయిన చేలో రాత్రిళ్లు మంద కట్టిస్తే ఎరువు పడుతుంది, దానికి రైతు గింజలు కొలుస్తాడు. ఒకరి అవసరం ఒకరికున్నచోట మర్యాద తనంతట తానే వస్తుంది.

పోనీ, పంది అనే జంతువే నీచమా? అదీ కాదు. చాళుక్యులకు వరాహం రాజలాంఛనం. కాకతీయులకూ, విజయనగర ప్రభువులకూ అంతే. బంగారు నాణేనికే వరాహ అని పేరు వచ్చింది. దశావతారాలలో అది మూడవది. ప్రబంధాలలో రాజు వేటకు వెళితే అడవిపంది ఎదురుపడక తప్పదు, దాన్ని పొడిచినవాడి శౌర్యాన్ని కవి సీసపద్యాలలో పొగడకా తప్పదు. ఆ మాంసం రాజుల పంక్తిలో వడ్డించినప్పుడు అది వేటమాంసం. అదే జాతి జంతువును ఒక పేదరాలు తవుడూ గంజీ పోసి పెంచితే హేయమైంది! సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్రను వెలువరించి, కావ్యాల నుంచి ప్రజల తిండినీ బట్టనూ వెలికితీయవచ్చునని మనకు చూపించారు. ఆ దారిలోనే ఇంకొక అడుగు వేస్తే, కావ్యాలు ఏ తిండిని చూసి కళ్లు మూసుకున్నాయో కూడా తెలుస్తుంది.

అసలు విషయం మేతలో ఉంది. గొర్రెకు బీడు కావాలి, మేకకు ఆకు కావాలి, గేదెకు గడ్డివాము కావాలి. సెంటు భూమి లేనివాడికి ఇవేవీ లేవు. ఊరు పారవేసినదాన్ని తిని మాంసంగా మార్చగల జంతువు ఒక్క పందే. దాని గర్భం 114 రోజులు, ఈతకు ఆరేడు పిల్లలు. పెళ్లికి, చావుకు, పోలీసులకు చెల్లించే జుల్మానాకు అందివచ్చే రొక్కం అదే. భూమి లేనివాడి ఆస్తి అది ఒక్కటే కనుక, ఆ జంతువుకు అంటిన మైల అతనికీ అంటించారు. ఆ మైల ఎవరిదో ఎవరూ అడగలేదు. పంది మాంసంలో బద్దెపురుగు ఉంటుందని చదువుకున్నవారు చెబుతారు, నిజమే. కాని మనిషి మలం తింటేనే పందికి ఆ పురుగు వస్తుంది. మరుగుదొడ్డి కట్టుకోని ఊరిది ఆ తప్పు.

మైలను చట్టంగా మార్చిన ఘనత ఇంగ్లీషువారిది. 1871లో వారు రెండు చట్టాలు చేశారు. మొదటిది పశువుల అతిక్రమణ చట్టం, మన బందెలదొడ్లకు ఆధారం. రెడ్డిగారి ఎద్దు పక్కవాడి చేను మేస్తే దాన్ని దొడ్లో కట్టేస్తారు, రుసుము కట్టి విడిపించుకుంటారు, అంతటితో సరి. కాని పంది చేనుకో రోడ్డుకో నష్టం కలిగిస్తే, యజమానికి పది రూపాయలదాకా జరిమానా విధించవచ్చునని అదే చట్టంలో ప్రత్యేకంగా ఒక సెక్షను పెట్టారు. మిగిలిన పశువులకు కూడా దాన్ని వర్తింపజేయాలంటే ప్రభుత్వం విడిగా ప్రకటించాలి. పందికి ఆ ప్రకటన అక్కర్లేదు. ఎద్దు తప్పుచేస్తే ఎద్దుకు ఖైదు, పంది తప్పుచేస్తే మనిషికి శిక్ష!

అదే సంవత్సరం వచ్చిన రెండవది నేరస్థ తెగల చట్టం. 1911 నాటి కొత్త చట్టంతో అది మద్రాసు రాజధానిలో అమలులోకి వచ్చి, ఎరుకల వారి మీద పడింది. ఈ మధ్యకాలంలో వారి బతుకు ఎట్లా కూలిందో గమనించాలి. ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల, దబ్బ ఎరుకల అని వారి తెగలకు పేర్లు. పేరులోనే వృత్తి ఉంది. కోస్తానుంచి ఉప్పు గాడిదల మీదా ఎద్దుల మీదా వేసుకుని లోపలి జిల్లాలకు చేర్చి, తిరుగుదారిలో ధాన్యం తెచ్చేవారు. రైళ్లు వచ్చాయి, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది. 1876–78 కరువులో ఎద్దులు చచ్చాయి. 1882 అడవి చట్టం వెదురుకూ మేతకూ అడ్డు తగిలింది. అన్నీ పోయిన తరువాత చేతిలో మిగిలింది బుట్టా, ఎరుక చెప్పే పుల్లా, ఈ పందీ. అప్పుడు దొరలు వచ్చి, వీరికి స్థిరమైన వృత్తి లేదు గనుక వీరు పుట్టుకతో దొంగలు అని తీర్మానించారు! వేలిముద్రలు తీసుకున్నారు, హాజరు పిలిచారు. బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ చేతికి ఇచ్చిన సెటిల్మెంటుకు గవర్నరు కౌన్సిలు సభ్యుడు హెరాల్డ్ స్టూవర్టు పేరు పెట్టారు. అదే స్టూవర్టుపురం. మద్రాసు ప్రభుత్వం 1947లో ఈ చట్టాన్ని రద్దుచేసింది, దేశమంతటా 1952లో పోయింది. చట్టం పోయినా చూపు పోలేదు.

ఆ చూపు ఎంత బలమైనదో 1999లో మెదడువాపు వ్యాధి ఆంధ్రలో పిల్లలను బలిగొన్నప్పుడు తెలిసింది. ఆ వైరసు కొంగలలో ఉంటుంది, వరిచేల నీళ్లలో పుట్టే దోమ దాన్ని మోస్తుంది, పంది రక్తంలో అది విపరీతంగా వృద్ధి అవుతుంది. కనుక పందులను ఇళ్లకు దూరంగా ఉంచాలన్న వైద్యుల సలహా సరైనదే, దానితో నాకు పేచీ లేదు. కాని దూరంగా ఉంచాలంటే స్థలం కావాలి, దొడ్డి కావాలి, మేత కొనటానికి డబ్బు కావాలి. పందులను తరమండి అన్నవారిలో ఎంతమంది ఆ మూడు సంగతులూ ఆలోచించారు? వరిచేను వైపు వేలు చూపించినవారు నాకు కనిపించలేదు.

ఇప్పుడు ఇంకొక విడ్డూరం జరుగుతున్నది. సీమ జాతి తెల్లపందులను రేకులషెడ్డులో పెంచే కామందుకు బ్యాంకు అప్పు దొరుకుతుంది, పత్రికలో ఫొటో పడుతుంది. దాని పేరు పరిశ్రమ. ఆయన ఇంట్లో మంచినీళ్లు తాగటానికి ఎవరికీ అభ్యంతరం లేదు. జంతువు మారలేదు, పెట్టుబడి వచ్చి చేరింది, మైల లేచిపోయింది.

మరుసటి రోజు తరగతిలో నా మాట వెనక్కి తీసుకున్నాను. ఆ విద్యార్థి తల వంచుకుని రాసుకుంటూ ఉన్నాడు, నా వైపు చూడలేదు. కొన్నాళ్లకు ఉపకారవేతనం దరఖాస్తు మీద సంతకం కోసం నా గదికి వచ్చాడు. తల్లిదండ్రుల వృత్తి అన్నచోట ‘కూలి’ అని ఉంది.

“పందుల పెంపకం అని రాయలేదేమోయ్?” అన్నాను.

“రాస్తే ఈ కాగితం హాస్టల్లో నలుగురి చేతులు మారుతుంది మాస్టారూ. నా గదిలో ఎవరుంటారు?”

నేను సంతకం పెట్టి ఇచ్చాను.